పెద్దమ్మ ఊ కొట్టిన కథలు

పోయిన మంగళవారం పొద్దున శంషాబాద్ రోడ్డు మీద నేను పనిచేసే గోడౌన్ బస్సు కోసం నిలబడి ఉంటే ఫోను మోగింది. తెలియని నంబరు. లోను కావాలా మేడమ్ అని అడిగేవాళ్లు సరిగ్గా ఆ టైముకే చేస్తారు కాబట్టి కొంచెం చిరాగ్గానే ఎత్తాను. అవతల ఒకాయన, కోస్తా వైపు మాటతీరు, చాలా మర్యాదగా ఒక వారపత్రిక పేరు చెప్పి, నేను పంపిన కథ తీసుకున్నామనీ, వచ్చే నెలలో వేస్తామనీ అన్నారు. మీ పేరు ఇలాగే ఉంచమంటారా, ఏమైనా మార్చాలా అండీ అని అడిగారు. ఇలాగే ఉంచండి సార్, ఒక్క అక్షరం కూడా ముట్టుకోకండి అన్నాను. ఫోను పెట్టేశాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే అక్కడే పడిపోతానేమో అనిపించి, పక్కనే బండి దగ్గర ఛాయ్ కలుపుతున్న భాయ్‌కి చెప్పాను. ఆయన స్టవ్ మంట తగ్గించి మరీ విన్నాడు. విని, "ఫోటో గూడ ఏస్తరా అక్కా?" అని అడిగాడు. వెయ్యరేమో భాయ్ అంటే, పాపం ఇంత కష్టపడితే ఇదేనా అన్నట్టు చూసి, నా గ్లాసులో ఇంకొంచెం ఛాయ్ పోశాడు. మా ఆయనకు ఫోన్ చేస్తే మంచిది, చాలా మంచిది అన్నాడు. ఆ తరువాత గ్యాస్ బుక్ చేశావా అని అడిగాడు. బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాక, ఇప్పుడు చెప్పాల్సిన అసలు మనిషికి చెప్పాలి అనుకుని ఫోను చేతిలోకి తీసుకున్నాను కూడా. అప్పుడు గుర్తొచ్చింది, ఆమె పోయి నెలలు గడిచాయని. గుర్తొచ్చాక ఇంకోటి కూడా గుర్తొచ్చింది. ఆమె బతికి ఉన్నా, నేను ఫోన్ చేసి చెప్పినా, ఆమెకు వినపడేది కాదు.

ఆమె మా పెద్దమ్మ. మా నాయిన అన్న భార్య. మా ఊరు పాల్మాకులలో రెండు కుటుంబాలూ ఒకే వాకిట్లో ఉండేవి. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేనే. అది కూడా పెళ్లయ్యి, పాప పుట్టాక, దూరవిద్యలో, ఆదివారం ఆదివారం క్లాసులకు పోయి చదివిన డిగ్రీ. మా ఇంటిపేరు అచ్చులో కనపడేది ఓటరు లిస్టులో, పెళ్లి కార్డుల మీద, ఎవరన్నా పోతే చౌరస్తాలో కట్టే ఫ్లెక్సీల మీద. అంతే. ఇప్పుడు ఒక కథ కింద కనపడబోతోంది. ఈ మాట ఇక్కడ రాస్తుంటే కూడా నా ముఖం నాకు తెలియకుండానే నవ్వుతోంది. నవ్వాలి కూడా. కానీ ఆ కథ వెనక ఉన్న సంగతి చెప్పకుండా నవ్వితే అబద్ధమాడినట్టు ఉంటుంది.

మా చిన్నప్పుడు మక్కలు వలిచే రోజుల్లో పిల్లలందరినీ కంకుల కుప్ప చుట్టూ కూర్చోబెట్టి పెద్దమ్మ కథలు చెప్పేది. ఆమె కథలకు ఒకటే షరతు, ఊ కొట్టాలి. ఎవరో ఒకరు ప్రతి మాటకూ ఊఁ, ఊఁ అంటూ ఉండాలి. ఊ ఆగితే కథ ఆగుతుంది. మనుషులు ఊ కొట్టని కథను దయ్యాలు వింటాయని ఆమె నమ్మకం, లేదా మా చేత పని చేయించడానికి ఆమె చేసుకున్న ఉపాయం. నిద్రొచ్చి ఎవడైనా ఊ మరిచిపోతే గింజలు రాలిన బెండు వచ్చి నెత్తికి తగిలేది. అట్లా నాకు పలక పట్టుకోవడం రాకముందే ఒక సంగతి వంటబట్టింది. కథ అనేది చెప్పేవాళ్ల దగ్గర ఉండదు, ఊ అనేవాళ్ల దగ్గర ఉంటుంది. ఎదుటి మనిషి ఊ అంటే కథ బతికి ఉన్నట్టు, ఆపితే చచ్చినట్టు. వేరే ఊళ్లలో పెరిగినవాళ్లకు ఇది వేళాకోళంగా ఉంటుందేమో, నాకు మాత్రం కథ గురించి తెలిసిన శాస్త్రం అంతా ఇదే.

పెద్దయ్యాక నేను కథలు రాయడం మొదలుపెట్టినప్పుడు ఊ అనేవాళ్లు లేకపోవడమే పెద్ద కష్టమైంది. పొద్దున్నే ఇంట్లోవాళ్లు లేవకముందు వంటింటి గడప మీద కూర్చుని రాసేదాన్ని. మా గోడౌన్‌లో పాడైపోయిన ప్రింటు కాగితాలు పారేస్తారు. ఒకవైపు ఎవరివో అడ్రసులు, డబ్బాల బరువులు ఉంటాయి, రెండోవైపు తెల్లగా ఉంటుంది. ఆ తెల్లవైపు నాది. రాస్తున్నంతసేపు బాగానే ఉండేది. రాసినదాన్ని మళ్లీ చదువుకునేటప్పుడే లోపలినుంచి ఎవరో అడిగేవాళ్లు, నిన్నెవరు రాయమన్నారు అని. మీ తాతలు వేలిముద్ర వేసినవాళ్లు, నీకెందుకమ్మా ఈ పని అని. ఆ గొంతు ఎవరిదో ఇప్పటికీ తెలియదు, మాట తీరు మాత్రం మా స్టడీ సెంటర్లో తెలుగు చెప్పిన సారుదే. ఆయన మంచివాడే, ఒకసారి నా కథ చదివి, మీరు మాట్లాడినట్టే రాస్తున్నారు, రాసినట్టు రాయాలి అన్నారు. రాసినట్టు రాయడమంటే ఏమిటో అడగడానికి ధైర్యం చాలలేదు. పత్రికలకు పంపితే జవాబు రాదు. బావిలో రాయి వేస్తే కనీసం బుడుంగుమంటుంది, నా కథలు వేస్తే అది కూడా లేదు. అందుకని ఒక ఆదివారం కాగితాలు సంచిలో పెట్టుకుని పాల్మాకుల పోయాను. ఇగ నువ్వు ఊ కొట్టు పెద్దమ్మా, నేను చెప్తా అన్నాను. ఆమె నవ్వి చింతపండు చాట దగ్గరికి లాక్కుంది.

ఆ తరువాత ప్రతి ఆదివారం అదే పని. ఆమె ఇంటి ముందరి అరుగు మీద కూర్చుని చింతపండులో గింజ తీస్తుండేది. గింజలు ఇత్తడి గిన్నెలో టక్కుమని పడేవి. పులుపు వాసనకు నా నోట్లో నీళ్లూరి చదువు తడబడేది. నేను చదివేదాన్ని, ఆమె ఊఁ అనేది. కొన్నిచోట్ల గట్టిగా, కొన్నిచోట్ల గొంతులోనే. కొన్నిచోట్ల అసలు అనేది కాదు. అనని చోట నేను పెన్నుతో పక్కన గీత పెట్టుకునేదాన్ని. ఇంటికొచ్చి ఆ గీత ఉన్నదంతా కొట్టేసేదాన్ని. ఆమెకు నచ్చని వాక్యం నా కథలో ఉండేందుకు వీల్లేదు. కొన్ని కథలు అట్లా కొట్టేస్తూ పోగా ఏమీ మిగల్లేదు. ఒక కథలో, ఎయిర్‌పోర్టు గోడ బయట ఒక ముసలాయన రోజూ పొద్దున వచ్చి కూర్చుంటాడు. గోడ లోపల తన చేను ఎక్కడుండేదో వేలితో చూపిస్తూ, ఇక్కడ బాయి, ఇక్కడ కల్లం అని ఎవరూ అడక్కుండానే చెప్తుంటాడు. అది నాకు చాలా ఇష్టమైన చోటు. చదువుతుంటే పెద్దమ్మ ఒక్క ఊ కూడా అనలేదు. బస్సులో ఇంటికొస్తూనే కొట్టేశాను. కొట్టేసి ఏడ్చాను కూడా, ఆమెకు అబద్ధం అనిపించింది కదా, నేను ఎంత అబద్ధం మనిషినో అని.

మధ్యలో మా వైపు అలవాటు ఒకటి చెప్పాలి. విమానం నెత్తిమీదుగా దిగేటప్పుడు మేము మాట ఆపుతాం. ఎవరూ నేర్పింది కాదు. సగం మాటలో ఆగి, అది పోయాక ఎక్కడ ఆగామో అక్కడి నుంచే అందుకుంటాం. బయటివాళ్లు చూస్తే వీళ్లకు మాట మరిచిపోయే జబ్బు ఉందేమో అనుకుంటారు. మా వీధిలో ఇద్దరు తోడికోడళ్లు పోట్లాడుకుంటూ, విమానం రాగానే చేతులు లేపినవి లేపినట్టే ఉంచి, అది దిగిపోయాక మిగిలిన తిట్టు పూర్తి చేయడం నేను కళ్లారా చూశాను. మా ఇళ్లలో టీవీ గొంతు ఎక్కువ, మనుషుల గొంతు ఎక్కువ. అందరూ అరుస్తూనే మాట్లాడుకునే చోట ఒక మనిషికి మెల్లగా వినికిడి పోతుంటే ఎవరికి తెలుస్తుంది? మా వదిన, అంటే పెద్దమ్మ కోడలు, ఎప్పుడూ ఒకటే ఫిర్యాదు చేసేది. పిలిస్తే పలకదు, మొండి ముసల్ది, నా మాటంటే లెక్క లేదు అని. నేను పెద్దమ్మ పక్షం మాట్లాడేదాన్ని. నా కథలన్నీ ఎంత శ్రద్ధగా వింటుందో చూడు వదినా, నీ పిలుపులోనే ఏదో ఉంది అనేదాన్ని. వదిన మూతి తిప్పుకుని పోయేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను కొత్త కథ చదువుతున్నాను. పెద్దమ్మ తల వంచుకుని చాటలోకి చూస్తోంది. విమానం వచ్చింది. అలవాటు ప్రకారం నేను సగం వాక్యంలో నోరు మూశాను. మోత ఇంటి రేకుల మీద నుంచి పోతోంది. ఆ మోతలో, నా నోరు మూసి ఉండగా, పెద్దమ్మ తల ఎత్తకుండానే ఊఁ అంది. కాసేపాగి మళ్లీ ఊఁ అంది. మూడోసారి, కథ మంచి పట్టులో ఉన్నట్టు, కొంచెం సాగదీసి అంది. విమానం పోయింది. నేను కాగితాలు ఒళ్లో పెట్టుకుని ఏమీ మాట్లాడకుండా కూర్చున్నాను. గింజ టక్కుమంది. ఊఁ. చదివేటప్పటి గొంతుతోనే, అదే లయలో, "పెద్దమ్మా, నీకు ఇనవడ్తలేదా?" అన్నాను. ఆమె చాలా నెమ్మదిగా, దయగా, ఊఁ అంది.

శంషాబాద్‌లో దవాఖానకు తీసుకుపోయాం. వినికిడి ఎప్పుడో పోయిందమ్మా, ఇన్నేళ్లు మీరెట్లా గమనించలేదు అని డాక్టరు అడిగితే మా అన్న, అంటే పెద్దమ్మ కొడుకు, నేల చూశాడు, వదిన గోడ చూసింది, నేను నా చెప్పులు చూసుకున్నాను. చెవికి మిషను పెట్టించాం. అది పెట్టుకుని పెద్దమ్మ అరుగు మీద కూర్చుందో లేదో మొదటి విమానం వచ్చింది. రెండు చేతులతో నెత్తి పట్టుకుని, "గీ మోత మీరెట్ల ఓర్సుకుంటున్రే?" అని, మిషను తీసి తమలపాకుల డబ్బాలో పెట్టేసింది. మళ్లీ తీయలేదు. అందరం నవ్వాం. ఆమె చెవి దగ్గర నోరు పెట్టి, మరి నా కథలకు ఊ ఎందుకు కొట్టావని అరిచి అడిగాను. ఆమె దాంట్లో దాచుకోవాల్సిందేమీ లేనట్టు చెప్పింది.

"ఊ అనకుంటే నువ్వు లేసి పోతవు గద బిడ్డా. నువ్వు కూసుంటె నాకు జర పొద్దు పోతుండె."

మరి కథలు అని మళ్లీ అరిచాను. "ఏం కథలో ఏమో, నాకేమెరుక" అంది.

ఇంటికొచ్చాక ఆ పూట నేనేమీ తినలేదు. మనసులో పాత ఆదివారాలన్నీ వెనక్కి తిరిగాయి. ఆమె ఊ అననిచోట ఏం జరిగి ఉంటుంది? పక్కింటివాళ్ల మేక చింతపండు వైపు వచ్చి ఉంటుంది, రోడ్డు మీద తెలిసిన మనిషి పోయి ఉంటుంది, ఎండకు కునుకు పట్టి ఉంటుంది. ఆ మేక మూలాన నేను నా ముసలాయనను గోడ దగ్గర నుంచి లేపి పంపించేశాను. ఊ అన్నచోట మాత్రం ఏముంది? నేను ఊపిరి తీసుకోవడం చూసి అని ఉంటుంది, కాగితం తిప్పడం చూసి అని ఉంటుంది. ఇన్నేళ్లూ బాగున్నాయని నేను దాచుకున్న వాక్యాలు కూడా ఎవరూ విననివే. లోపలి గొంతుకు ఇక అడ్డు లేకుండా పోయింది. చూశావా, నీకున్న ఒక్క మనిషీ చెవిటిదే, ఇక చాలించు అంది. చాలించాను. ఆ వానాకాలమంతా పొద్దున లేచి గడప మీద కూర్చోలేదు. తెచ్చుకున్న కాగితాలు బీరువా కింద చెదలు పట్టే చోటే పెట్టాను, పడితే పట్టనీ అని. పాల్మాకుల కూడా పోలేదు. అక్కడ నాకేం పని అనుకున్నాను.

వదిన ఫోన్ చేసింది. అత్త నిన్నే అడుగుతున్నది, ఆదివారం రాకపోతివేంది అని. గొంతులో పాత మూతి తిప్పుడు లేదు. డాక్టరు దగ్గర నుంచి వచ్చాక ఆమె పెద్దమ్మను వెనక నుంచి పిలవడం మానేసిందట. ముందుకొచ్చి, చెయ్యి తాకి, అప్పుడు చెప్పేదట. పోయాను, వట్టి చేతులతో. పెద్దమ్మ నన్ను చూసి అరుగు మీద జరిగి చోటిచ్చింది. నేను ఊరికే కూర్చున్నాను. కాసేపటికి నా సంచి వైపు చూసి, "కాయితాలు తేలేదా?" అంది. ఆ అడగడంలో చిన్నపిల్ల మిఠాయి అడిగినట్టు ఉంది. సంచిలో వెతికితే గోడౌన్ కాగితాలు రెండు మూడు దొరికాయి, తెల్లవైపు ఖాళీగానే ఉంది. ఏం చేయాలో తోచక అచ్చు ఉన్నవైపు తిప్పి చదవడం మొదలుపెట్టాను. ఫలానా ఊరు, డబ్బాలు ఇన్ని, గాజు సామాను, జాగ్రత్తగా దించవలెను. ఊఁ అంది. పైకి ఉన్న వైపు పైకే ఉంచవలెను. ఊఁ. తడి తగలనీయరాదు. ఊఁ అని నిట్టూర్చింది, ఎవరికో కష్టం వచ్చినట్టు. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఆగలేకపోయాను. వదిన ఏమైందని లోపలి నుంచి వచ్చి, నా కళ్లు చూసి, మంచినీళ్లు తెచ్చి పెట్టింది.

బస్సులో తిరిగొస్తూ సిగ్గేసింది. ఆమెకు వినపడకపోవచ్చు, అంతమాత్రాన గాజు సామాను లెక్క చదవాలా? వచ్చే ఆదివారానికి ఏదో ఒకటి రాసుకుని పోవాలి కదా అనుకున్నాను. అట్లా మళ్లీ గడప మీద కూర్చున్నాను. కథ బాగుండాలని కాదు, ఆదివారం చేతిలో కాగితాలు ఉండాలని. నిన్నెవరు రాయమన్నారన్న సందేహం పోలేదు. పక్కనే కూర్చునేది, నేను దాన్ని కూర్చోనిచ్చాను. ఎక్కడ ఊ వస్తుందో ఎక్కడ రాదో అన్న భయం మాత్రం లేదు. కొట్టేయడానికి గీతలు లేవు. గోడ దగ్గరి ముసలాయనను మళ్లీ పిలిచి, ఈసారి కూర్చున్నంతసేపు కూర్చోనిచ్చాను. ఆ చోటు పెద్దమ్మ ముందు చదివేటప్పుడు ఆమె ఊ అందో లేదో నాకు గుర్తు కూడా లేదు. చలికాలంలో ఆమెకు జ్వరం పట్టుకుంది, నాలుగు రోజులు మంచం మీద ఉండి పోయింది. చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టాలి, నువ్వు చదువుకున్నావు కదా నాలుగు మాటలు రాయి అని మా అన్న అడిగాడు. పేరు, ఊరు, పోయిన తేదీ రాసి ఇచ్చాను. ఇంకేమీ రాయలేకపోయాను. ఆ ముసలాయన కథే తరువాత పత్రికకు పంపింది. మంగళవారం ఫోన్ వచ్చింది దాని గురించే.

నిన్న ఆదివారం వదినకు నోటితో చెప్పాలని పాల్మాకుల పోయాను. చక్కెర డబ్బా తెచ్చి నా నోట్లో ఇంత పోసింది. అత్తుంటే ఎంత సంబురపడేదో అంది. నేను అవునన్నాను. నిజంగా సంబురపడేదో లేదో నాకు తెలియదు, విషయం ఏమిటో తెలియకుండానే సంబురపడేదేమో. వదిన చక్కెర డబ్బాకు మూత పెట్టి, "ఎన్ని తిట్లు తిట్టిననో, ఒక్కటన్న ఇనకపాయె" అని కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ మాటలో ఆమెకు ఊరటా ఉంది, బాధా ఉంది. ఏది ఎక్కువో చెప్పలేను. తరువాత పాలవాడు వచ్చాడు, ఆమె గిన్నె కోసం లోపలికి పోయింది. నేను అరుగు మీద ఒక్కదాన్నే ఉన్నాను. సంచిలో కొత్త కథ కాగితాలు ఉన్నాయి. బయటికి తీయలేదు.

ఇవాళ పొద్దున కూడా లేచి రాశాను, బాగా రాలేదు, రేపు కూడా రాస్తాను. పత్రికలో పడినాక నలుగురు చదువుతారు, ఎవరు ఎక్కడ ఊ అన్నారో నాకు తెలిసే దారి లేదు, దానికి నేను అలవాటు పడ్డాను. కానీ పెద్దమ్మకు పొద్దు పోవడం కోసం ఇన్ని ఆదివారాలు చదివినదాన్ని, ఇప్పుడు ఆదివారం వచ్చిందంటే సాయంత్రం దాకా పొద్దు పోనిది నాకే.